పాలసీసా కొనేముందు

తమిళనాడులో కోవిల్‌పట్టి నుంచి సాత్తూరు మీదుగా విరుదునగర్ దాకా పరుచుకున్న నల్లరేగడి నేలలో ఇంటి భాష తెలుగైన కుటుంబాలు లెక్కకు మించి ఉన్నాయి. విజయనగర కాలంలోనూ ఆ తర్వాతా దక్షిణానికి దిగివచ్చినవాళ్ల సంతతి వీళ్లు. బడిలో తమిళం, బజారులో తమిళం. పసిబిడ్డను లాలించేటప్పుడు మాత్రం తెలుగే నోటికొస్తుంది. ఇక్కడి ఆడవాళ్లు తరతరాలుగా పనికి వెళ్తున్నవాళ్లు. పత్తి చేలు, నూలు మిల్లులు, వందేళ్లుగా అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలు వాళ్ల చేతుల మీదే నడుస్తున్నాయి. అందుకే కాన్పయిన రెండు మూడు నెలలకే ఇంట్లో ఒక ప్రశ్న లేస్తుంది: బిడ్డకు ఏ పాలసీసా కొనాలి? ఆ ప్రశ్న మీద ఇద్దరు అక్కాచెల్లెళ్లను ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడిస్తున్నాను. అక్క విరుదునగర్‌లో సర్కారు ఆసుపత్రి నర్సుగా పనిచేసి రిటైరైంది. చెల్లెలిది కోవిల్‌పట్టి, ఆమె కోడలు ఒక అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ ఆఫీసులో లెక్కలు రాస్తుంది. ఇద్దరూ నేను కల్పించిన మనుషులే, వాదం మాత్రం ఊళ్లో రోజూ నడిచేదే. నా మొగ్గు అక్క వైపు. అయితే చెల్లెలి మాటల్లో కొట్టిపారేయలేనివి చాలా ఉన్నాయి, వాటికి జవాబు చెప్పకుండా అక్క పక్షం నిలబడదు.

చెల్లెలు: అక్కా, అంగట్లో మూడు రకాలు చూపించారు. గాజుది జారితే పగులుతుంది. స్టీలుదాంట్లో పాలెన్ని మిగిలాయో కనబడదు. ప్లాస్టిక్ విషమంటున్నారు. కోడలిది కాంట్రాక్టు ఉద్యోగం. కాగితం మీద 26 వారాల సెలవున్నా మూడు నెలలకే రమ్మంటున్నారు. పగలంతా బిడ్డను చూసుకోవాల్సింది నేను. తల్లిపాలు అమృతమని నాకెవరూ చెప్పనక్కర్లేదు, ఆసుపత్రి గోడల నిండా అదే రాసుంది. ఈ మూడింట్లో ఏది కొనాలో చెప్పు, చాలు. సీసా వద్దనేవాళ్ల మాట నాకు ఉద్యోగం వద్దన్నట్టే వినబడుతుంది. బిడ్డతల్లి గడప దాటగలుగుతోందంటే ఆ సీసా పుణ్యమే కదా!

అక్క: ఉద్యోగం మానమని నేననను. నువ్వు అడిగిన ప్రశ్నకే ముందు జవాబు చెప్తాను. ప్లాస్టిక్ విషమన్న మాట ఊరికే పుట్టలేదు. ఒకప్పుడు గాజులా మెరిసే గట్టి ప్లాస్టిక్, పాలీకార్బొనేట్, దాంతో సీసాలు చేసేవాళ్లు. అందులోంచి బీపీఏ అనే రసాయనం పాలలోకి దిగుతుందని తేలాక యూరప్ 2011లో, అమెరికా 2012లో దాన్ని పసిపిల్లల సీసాల నుంచి తీసేయించాయి. మన ప్రమాణాల సంస్థ 2015లో ఆ పని చేసింది. ఇప్పుడొచ్చేవి ఎక్కువగా పాలీప్రొపిలీన్‌వి. వాటి మీద డబ్లిన్‌లోని ట్రినిటీ కాలేజీ వాళ్లు 2020లో ఒక పరిశోధన అచ్చువేశారు. వేడినీళ్లు పోసి కలిపితే లీటరుకు కోటీ అరవై లక్షల దాకా కంటికి కనబడని ప్లాస్టిక్ రేణువులు రాలుతున్నాయట. నీళ్లు ఎంత వేడిగా ఉంటే అన్ని ఎక్కువ. వాటివల్ల బిడ్డకు జరిగే హాని ఎంతన్నది ఇంకా తేలలేదు. తేలేదాకా ప్లాస్టిక్‌లో వేడి పోయకపోవడం మంచిది, గాజో స్టీలో అయితే ఆ చింతే లేదు. నీ ప్రశ్నకు జవాబు అంతే. కానీ నువ్వు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది కాదు. సీసాపాలు తాగిన పిల్లలు జబ్బుపడి ఆసుపత్రికొచ్చింది ప్లాస్టిక్ వల్ల కాదు, విరేచనాల వల్ల. దక్షిణ బ్రెజిల్‌లో చేసి 1987లో అచ్చువేసిన పరిశోధన ఒకటుంది. తల్లిపాలు మాత్రమే తాగే పసిపిల్లలతో పోలిస్తే, ఆ పాలు అసలే లేనివాళ్లు విరేచనాలతో చనిపోయే ముప్పు 14 రెట్లు ఎక్కువని తేలింది. సీసా దేంతో చేశారన్నది తర్వాత. అది శుభ్రంగా కడగడానికి లొంగుతుందా, మీ ఇంట్లో దాన్ని కడిగే నీళ్లూ, చెయ్యీ, తీరికా ఉన్నాయా అన్నది ముందు.

చెల్లెలు: బ్రెజిల్ లెక్క ఎక్కడిదక్కా, నలభై ఏళ్ల కిందటి పేదవాడల లెక్క. మా ఇంట్లో గ్యాసుంది, ఫ్రిజ్జుంది, తాగడానికి క్యాను నీళ్లున్నాయి. పైగా ఆ పరిశోధన పోల్చింది పాలను, సీసాలను కాదు. నా మనవడి సీసాలో నేను పోసేది పోతపాలు కాదు, కోడలు పిండి పెట్టి వెళ్లే పాలే. పాలు తల్లివే అయినప్పుడు పాత్ర ఏదైతేనేం?

అక్క: సరైన చోట పట్టుకున్నావు. పాలు వేరు, పాత్ర వేరు. రెండిటినీ కలిపి భయపెట్టడం న్యాయం కాదు. తల్లి పిండిన పాలు 25 డిగ్రీల వేడి దాకా ఉన్న గదిలో నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు నిలుస్తాయని లెక్క. మన ఎండలకు గదిని నమ్మొద్దు, పిండిన వెంటనే ఫ్రిజ్‌లో పెట్టాలి. డబ్బాపాలతో అయితే ఇంకో చిక్కుంది. ఆ పొడి సూక్ష్మక్రిములు లేని పదార్థం కాదు, అరుదుగానైనా ప్రాణం తీసే క్రిమి అందులో ఉండొచ్చు. అందుకే 70 డిగ్రీలకు తగ్గని నీళ్లతో కలిపి, చల్లార్చి పట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో చెప్పింది. అంటే మరిగించిన నీళ్లను అరగంటలోపే వాడాలి. మన ఇళ్లలో గోరువెచ్చని నీళ్లతో కలుపుతాం, డబ్బా త్వరగా అయిపోతుందని ఒక చెంచా తగ్గిస్తాం. నీ మనవడికి తల్లిపాలే కాబట్టి ఈ గొడవ లేదు, మంచిదే. ఇక పాత్ర సంగతి. కడిగి బోర్లించిన సీసా ఒకటి తీసుకుని మెడ లోపలి అంచు వెంట వేలు తిప్పి చూడు, జిగురు తగులుతుంది. మూత తిరిగే మరల మధ్య తెల్లగా పొర కట్టి ఉంటుంది. పీకను తిరగేస్తే దాని అడుగు అంచు కింద పుల్లవాసన వస్తుంది. గాలి మింగకుండా ఆపుతుందని అమ్మే సీసాల్లో లోపల గొట్టాలూ రబ్బరు బిళ్లలూ అదనం, అన్నీ పాలు దాక్కునే చోట్లే. తల్లిపాలైనా అక్కడ విరుగుతాయి. ఇక నీళ్లంటావా, తామ్రపర్ణి నుంచి కోవిల్‌పట్టికి వచ్చే నీళ్లు మీ కుళాయిలో రోజూ రావు. వచ్చినప్పుడు డ్రమ్ముకు పట్టుకుని వాడుకుంటారు. క్యాను నీళ్లు తాగడానికి కొంటారు, సీసా మాత్రం డ్రమ్ము నీళ్లతోనే కడుగుతారు. సీసాకు కావలసింది సబ్బునీళ్లు, బ్రష్షు, ఆ పైన మునిగేంత నీళ్లలో కనీసం అయిదు నిమిషాలు మరగబెట్టడం. ఇది ఒకసారి చేసే పని కాదు, పట్టిన ప్రతిసారీ. అందుకే సీసా కన్నా ముందు పాలాడైని, అదే మనం సంగు అనే ముక్కున్న ఉగ్గుగిన్నెను, చూడమంటున్నాను.

చెల్లెలు: చివరికి పాలాడై దగ్గరికే తెచ్చావు! మన అమ్మమ్మలు బిడ్డను కాళ్ల మీద వెల్లకిలా వేసుకుని, ఏడుస్తున్నా వినకుండా సంగుతో గొంతులో పోసేవాళ్లు. పొలమారి, దగ్గి, పాలు ఊపిరితిత్తుల్లోకి పోయిన పిల్లలు లేరా? సగం పాలు మెడ మీదా, బట్టల మీదా. తల్లి అంత కష్టపడి పిండిన పాలు ఒలికిపోతే ప్రాణం ఉసూరుమనదా? ఒక పూటకు అరగంట. ఇదంతా ఆసుపత్రిలో నెలలు నిండని పిల్లల కోసమే కదా, బొద్దుగా ఉన్న మూడు నెలల పిల్లాడికెందుకు?

అక్క: కాళ్ల మీద వేసుకుని పోయడం తప్పే, అందులో రెండో మాట లేదు. పాలాడై పోసే సాధనం కాదు, తాగించే సాధనం. బిడ్డను దాదాపు నిటారుగా ఒళ్లో కూర్చోబెట్టుకుని, మెడ వెనక చెయ్యి వేసి, పాలాడై ముక్కును కింది పెదవి మీద ఆనించి, పాలు అంచుకు వచ్చేదాకా మాత్రమే వంచాలి. నాలుక చాచి బిడ్డే అందుకుంటాడు, మింగాక ఆగాలి, మళ్లీ నోరు తెరిస్తేనే ఇవ్వాలి. బరువు తక్కువ పిల్లల కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో రాసిన సూచనల్లో గిన్నె, చెంచాలతో పాటు పాలాడై పేరు పెట్టి మరీ చెప్పారు. నువ్వన్నట్టు ఆ సూచన చిన్నగా పుట్టిన పిల్లల కోసమే, దాన్ని అందరికీ రుజువుగా చూపిస్తే అబద్ధమవుతుంది. పరిశోధనలూ ఒకే మాట చెప్పలేదు. మన దేశంలో చేసి 1999లో అచ్చువేసిన దాంట్లో పిల్లలు పాలాడైతో తక్కువ సమయంలో ఎక్కువ పాలు తాగారు. 2007లో బ్రిటన్ నుంచి వచ్చిన దాంట్లో ఎక్కువ ఒలికాయి, ఎక్కువసేపు పట్టింది, పిల్లలు చిరాకుపడ్డారు. అలవాటున్న చేతికీ కొత్త చేతికీ ఉండే తేడా అది అని నా నమ్మకం. నేను పాలాడైని ఎంచుకునేది రెండు కారణాలకు. అది ఒకటే రేకు, మూల లేదు, మర లేదు, పీక లేదు, కళ్లతో చూసి శుభ్రమైందని చెప్పగలిగే పాత్ర. రెండోది, ఎంత తాగాలో బిడ్డే నిర్ణయిస్తాడు. అమెరికాలో 2010లో అచ్చువేసిన ఒక అధ్యయనంలో, మొదటి నెలల్లో రొమ్ముపాలే తాగినవాళ్లలో 27 శాతం మంది తర్వాతి నెలల్లో గిన్నె గానీ సీసా గానీ ఖాళీ అయ్యేదాకా తాగారు. మొదటినుంచీ సీసా పట్టినవాళ్లలో అది 68 శాతం. సీసాలో ఉన్నది తల్లిపాలైనా ఆ అలవాటు అలాగే ఉంది. అంటే అక్కడ తేడా పాలలో లేదు, పట్టే పద్ధతిలో ఉంది. సీసా ఖాళీ చేయించాలన్న మన తొందర బిడ్డ కడుపు మాట వినదు. ఇంకో లెక్క చూడు. నీ కోడలు ఇంట్లో లేని తొమ్మిది గంటల్లో బిడ్డకు పట్టాల్సింది మూడుసార్లో నాలుగుసార్లో, ఎనిమిదిసార్లు కాదు. ఆరు నెలలు నిండితే ఉగ్గు మొదలవుతుంది, నీళ్లూ పాలూ మామూలు గిన్నెతోనే తాగుతాడు. నువ్వు సీసా కొంటున్నది మూడు నెలల కోసం.

చెల్లెలు: మూడు నెలలే కదా అంటావు, ఆ మూడు నెలలూ నా మోకాళ్లకు తెలుస్తుంది. నేను స్నానానికి వెళ్తే పక్కింటి పిల్ల బిడ్డను పట్టుకుంటుంది, దానికి పాలాడై వంచడం వస్తుందా? సీసా అయితే ఎవరి చేతికైనా ఇవ్వొచ్చు. ఇంట్లో ఒక్క మనిషి మీద భారమంతా వేసి శుభ్రం గురించి చెప్పడం సులువే.

అక్క: ఒప్పుకుంటాను. పాలాడైకి నేర్చిన చెయ్యి ఒకటి కావాలి, అది లేని పూట సీసా తప్పదు. అప్పుడు ఏది కొనాలో చెప్తాను. మెడ వెడల్పుగా, చెయ్యి దూరి మూల దాకా బ్రష్షు తిరిగేది. లోపల గొట్టాలూ బిళ్లలూ లేనిది. పెద్దది కాదు, 120 మిల్లీలీటర్లది, పెద్ద సీసాలో పోస్తే పెద్దగానే తాగించాలనిపిస్తుంది. గాజుదైతే మేలు, కొలత గీతలు చెరగకుండా కనబడాలి. గాజుదైనా ప్లాస్టిక్‌దైనా ఐఎస్‌ఐ గుర్తు లేనిది చట్టం ప్రకారం అమ్మనే కూడదు, అది చూసుకో. పీక నెమ్మదిగా చుక్కచుక్కగా కారేది తీసుకో. బిడ్డ లాగలేకపోతున్నాడని సూది కాల్చి పీక బొక్క పెద్దది చేస్తారు చూడు, ఆ పని ఎప్పుడూ చెయ్యకు. ధారగా కారే పాలకు బిడ్డ మింగలేక పొలమారుతాడు, పైగా రొమ్ము దగ్గర కష్టపడి లాగడం మానేస్తాడు. పీక జిగటగా అయినా, చీలినా పారెయ్. పట్టేటప్పుడు బిడ్డ నిటారుగా, సీసా అడ్డంగా, మధ్యమధ్య ఆపుతూ. దిండుకు ఆనించి బిడ్డ నోట్లో సీసా వదిలి పోవడం అస్సలు కూడదు, పక్కింటి పిల్లకు ముందు చెప్పాల్సింది ఇదే.

ఇక్కడ నా మాట ఒకటి చెప్పాలి. అంగడివాడు చెప్పేదీ, ఫోనులో కనబడే వీడియో చెప్పేదీ సీసా విషయంలో సలహాగా తీసుకోకూడదు. 1974లో బ్రిటన్‌లో వచ్చిన ఒక చిన్న పుస్తకం, పేదదేశాల్లో డబ్బాపాల కంపెనీలు తల్లులను ఎలా మళ్లిస్తున్నాయో బయటపెట్టింది. 1977లో నెస్లే సరుకుల బహిష్కరణ మొదలైంది, 1981లో ప్రపంచ ఆరోగ్య సభ అమ్మకాల నియమావళి ఆమోదించింది. దాన్ని అనుసరించి మన పార్లమెంటు 1992లో చట్టం చేసి, 2003లో ఇంకా బిగించింది. పాలపొడులకూ పాలసీసాలకూ ప్రచారం చేయడం, ఉచితంగా పంచడం, కానుకలివ్వడం అందులో నేరం. అంత కఠినమైన చట్టం వెనక వేల మంది పసిబిడ్డల చావులున్నాయి. అయితే ఆ చట్టం చెయ్యి కట్టింది అమ్మేవాడికి, తల్లికి కాదు. ఈ తేడాను ఆసుపత్రుల్లో చాలాసార్లు మరిచిపోతారు, చెల్లెలి కోపం అక్కడినుంచే వస్తుంది.

చెల్లెలు: కోపం కాదక్కా, బాధ. సీసా కొనుక్కునే తల్లిని దొంగసరుకు కొంటున్నట్టు చూస్తారు. పాలు పడని తల్లి ఏం చెయ్యాలి? ఆపరేషన్ అయి లేవలేని పిల్ల ఏం చెయ్యాలి? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో దేశంలో ఆరు నెలల్లోపు పిల్లల్లో తల్లిపాలు మాత్రమే తాగేవాళ్లు 63.7 శాతమని నువ్వే ఒకసారి చెప్పావు. అంటే ముగ్గురిలో ఒకరు కాదు. అంత మంది తల్లులూ తెలియనివాళ్లా, ప్రేమలేనివాళ్లా?

అక్క: ఒక్కరు కూడా కారు. ఆ మూడోవంతును తిట్టి బాగుచెయ్యలేం. పాలు నిజంగా పడని తల్లులున్నారు, వాళ్లకు డబ్బాపాలే దారి. ఆ దారిలో శుభ్రంగా నడిచేలా నేర్పాలి గాని మొహం తిప్పుకోకూడదు. నెలలు నిండని పిల్లల కోసం మన రాష్ట్రంలో సర్కారు ఆసుపత్రుల్లో తల్లిపాల బ్యాంకులు పెట్టారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా తన మాట మార్చుకుంది. ఆసుపత్రులకు 1989లో ఇచ్చిన పది సూత్రాల్లో పీకలు ఇవ్వనే వద్దని ఉండేది. 2018లో దాన్ని, సీసాలూ పీకల వాడకం గురించీ ముప్పు గురించీ తల్లులతో మాట్లాడండి అని తిరగరాశారు. నెలలు నిండని పిల్లల్లో సీసా మానితే తల్లిపాలు నిలుస్తాయన్న ఆధారం ఉంది, నిండిన పిల్లల్లో ఆధారం అంత గట్టిగా లేదు. ఆ తేడా చెప్పడమే నిజాయితీ. కానీ ఒకటి గుర్తుపెట్టుకో. రొమ్ములోంచి ఎన్ని పాలు తీస్తే అన్ని పాలు ఊరతాయి. పాలు చాలడం లేదేమోనన్న అనుమానంతో రెండో వారంలోనే ఒక సీసా డబ్బాపాలు పట్టారనుకో, ఆ పూట రొమ్ము నిండుగానే ఉండిపోతుంది, రేపటికి ఊట తగ్గుతుంది, అనుమానం నిజమై కూర్చుంటుంది. నీ కోడలు ఫ్యాక్టరీలో తొమ్మిది గంటలు పిండకుండా ఉంటే నెల తిరిగేసరికి అదే అవుతుంది.

చెల్లెలు: ఎక్కడ పిండాలక్కా? మరుగుదొడ్డిలోనా? తలుపు గడియ కూడా సరిగ్గా పడని చోట నిలబడి గిన్నెలోకి పిండమంటావా? ఇంతసేపూ నా ఇంటి డ్రమ్మూ, నా చెయ్యీ గురించి మాట్లాడావు. ఆ ఫ్యాక్టరీ గురించి ఎవరు మాట్లాడతారు?

అక్క: ముందు అడగాల్సింది అక్కడే. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే ఆడవాళ్లు ఎక్కువగా పనిచేసే చోట పిల్లల గది, అంటే క్రెష్, ఉండాలంది. 2017లో ప్రసూతి చట్టాన్ని సవరించి 50 మంది, ఆపైన ఉన్న ప్రతి సంస్థలో క్రెష్ పెట్టాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చని రాశారు. బిడ్డకు 15 నెలలు వచ్చేదాకా పాలివ్వడానికి రోజుకు రెండు విరామాలు అంతకుముందు నుంచే ఉన్నాయి. తర్వాత 2020 సామాజిక భద్రతా కోడ్‌లోకీ ఇవే వచ్చాయి. బస్టాండుల్లో పాలిచ్చే గదులు 2015 నుంచి ఉన్నాయి మన రాష్ట్రంలో. బస్సు కోసం నిలబడే తల్లికి దొరికిన గది, రోజంతా పనిచేసే తల్లికి దొరకకపోవడం ఏం న్యాయం?

చెల్లెలు: చట్టం 50 అంటే యజమాని దానికి ఇద్దరు తక్కువతో ఒక షెడ్డు, పక్కనే మరో పేరుతో ఇంకో షెడ్డు వేస్తాడు. ఇంట్లో కూర్చుని అగ్గిపెట్టెలు అతికించేవాళ్లు ఏ లెక్కలోకీ రారు. కాంట్రాక్టు పిల్ల నోరెత్తితే రేపు రావద్దంటారు.

అక్క: ఇంట్లో అతికించేవాళ్లకు ఈ చట్టంలో జవాబు లేదు, నిజమే. కానీ పక్కపక్క షెడ్లకు ఉంది. రెండు మూడు సంస్థలు కలిసి ఒకే క్రెష్ నడుపుకోవచ్చని కోడ్‌లోనే రాసుంది. ఒక్క పిల్ల అడిగితే తీసేస్తారు. పసిబిడ్డలున్న తల్లులంతా కలిసి, ముందు క్రెష్ కూడా కాదు, గడియ పడే తలుపూ, కుర్చీ, చేతులు కడుక్కునే కుళాయీ ఉన్న ఒక చిన్న గది అడగనీ. అది ఇస్తే పాలు ఫ్లాస్కులో ఐసు వేసుకుని సాయంత్రం ఇంటికి తెచ్చుకోవచ్చు, మర్నాడు నీ పాలాడైలోకి అవే వస్తాయి. ఆ గదే లేకపోతే నేను చెప్పిన సీసా శాస్త్రమంతా డబ్బాపాల దగ్గరే ఆగుతుంది.

చెల్లెలు: సరే, గది సంగతి కోడలితో మాట్లాడతాను, ఆమెతో పాటు ఇంకో ముగ్గురు బాలింతలున్నారు. ఈలోగా రెండు గాజు సీసాలు కొంటాను, ఒకటి మరుగుతుంటే ఇంకోటి ఉంటుంది. పాలాడై మన అమ్మది స్టీలుది ఉంది. ఎప్పుడు మొదలుపెట్టమంటావు?

అక్క: ఆమె పనికి వెళ్లే రోజున కాదు, దానికి రెండు వారాల ముందు. బిడ్డ ఆకలితో గుక్కపెట్టి ఏడ్చేటప్పుడు కాదు, కాస్త ఆకలి మొదలైనప్పుడు. తల్లి చేతితో ఇస్తే రొమ్ము కోసం వెతుక్కుంటాడు, కాబట్టి ఇచ్చేది నువ్వే, ఆమె పక్కగదిలో ఉండనీ.

చెల్లెలు: మరి రాత్రిళ్లు? పొద్దంతా అలసి వస్తుంది, రాత్రి సీసా నేను పడతానంటే కాస్త నిద్రపోతుంది కదా.

అక్క: రాత్రి మాత్రం వద్దు. పాలు ఊరించే హార్మోను రాత్రిపూటే ఎక్కువ, ఆ పాలు తాగితేనే మర్నాటి ఊట నిలుస్తుంది. ఆమె నిద్ర కాపాడాలంటే సాయంత్రం వంటా, గిన్నెలూ నువ్వూ నీ కొడుకూ పంచుకోండి.